స్పీకరు వెనక రెండో తీగచుట్ట

పాత వాల్వు రేడియో నా బల్ల మీదికొస్తే ముందు వెనక అట్ట విప్పి స్పీకరు వీపు చూస్తాను. అయస్కాంతం ఉండాల్సిన చోట లావుపాటి ఇనప డబ్బా ఉండి, దాన్లోంచి విడిగా రెండు తీగలు బయటికొస్తుంటే దాన్ని జాగ్రత్తగా దించుకోవాలి. అది ఫీల్డ్ కాయిల్ స్పీకరు. మద్రాసు స్టేషన్ 1938లో మొదలైనప్పుడు మనవాళ్లు విన్న సెట్లలో చాలావాటికి ఇలాంటివే ఉండేవి.

కాగితపు కోను మెడకి సన్నటి తీగచుట్ట (వాయిస్ కాయిల్) కట్టి, దాన్ని అయస్కాంతపు సందులో ఆడించే పద్ధతిని 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఓ దారికి తెచ్చారు. ఈ రోజుకీ మన స్పీకర్లు ఆ దారినే నడుస్తున్నాయి. చిక్కల్లా అప్పటి ఉక్కు అయస్కాంతాలకి అంత బలం లేకపోవడమే. అందుకని ఇనప దిమ్మ చుట్టూ వేల చుట్లు తీగ చుట్టి, రేడియో కరెంటుతోనే దాన్ని అయస్కాంతంగా మార్చారు. అదే కాయిల్ ఆ కరెంటులోని అలల్ని అణిచి హమ్ కూడా తగ్గించేది. ఒక్క తీగచుట్టతో రెండు పనులు! ఆ ఇంజనీర్ల పొదుపరితనానికి నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ చుట్ట తెగిందంటే రేడియో మొత్తం మూగబోతుంది. డయల్ దీపం వెలుగుతుంది, వాల్వులు వేడెక్కుతాయి, చప్పుడు మాత్రం ఉండదు. 1931లో జపాన్‌లో మిషిమా కనిపెట్టిన మిశ్రలోహం, దాని బాటలో వచ్చిన ఆల్నికో ఈ బాధ తప్పించాయి. యుద్ధం తర్వాత మన ఇళ్లలోకొచ్చిన సెట్లలో స్థిర అయస్కాంతాల స్పీకర్లే.

తెగిన ఫీల్డ్ కాయిల్ స్పీకరుని తీసేసి కొత్తది బిగించేద్దామని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కాయిల్ 1,500 ఓములు, కరెంటు 60 మిల్లీఆంపియర్లు అనుకోండి. 90 వోల్టులు ఆ చుట్టలోనే ఖర్చవుతాయి. దాన్ని పీకేసి తీగలు నేరుగా కలిపితే ఆ 90 వోల్టులూ వెళ్లి ఔట్‌పుట్ వాల్వు మీద, కండెన్సర్ల మీద పడతాయి. రెసిస్టరు పెడితే 5.4 వాట్ల వేడి. పది వాట్లకి తక్కువది నిలవదు. పైగా హమ్ మిగిలిపోతుంది. పరీక్షకి రెసిస్టరు సరే. ఆ తర్వాత అదే గేజి తీగ తీసుకుని కాయిల్ తిరిగి చుట్టించాల్సిందే. ఫ్యాన్లు, మోటార్లు చుట్టేవాళ్లు ఓపిక చేసుకుంటే అంత సన్నటి తీగా చుట్టగలరు.

కోను పని వేరు. మా కోస్తా తేమకి కాగితం ఉబ్బి, వాయిస్ కాయిల్ గుండ్రం చెడుతుంది. రెండు బొటనవేళ్లతో కోనుని ఎదురెదురుగా మెల్లగా నొక్కి చెవి దగ్గర పెడితే గర్రుమని రాసుకోవడం వినిపిస్తుంది. నడిమి స్క్రూ ఉన్న పాత స్పీకరైతే దాన్ని వదులు చేసి, కాయిల్‌కీ మధ్య దిమ్మకీ నడుమ నాలుగు వైపులా సన్నటి ఫిల్ము ముక్కలు దూర్చి, స్క్రూ బిగించి ముక్కలు లాగేయాలి. సందులో ఇనప రజను ఉంటే ఊదితే పోదు. టేపు జిగట వైపుతో అద్ది తీయాలి. చిరుగుకి పల్చటి టిష్యూ కాగితం, పల్చగా కలిపిన బంక చాలు. దట్టంగా పూస్తే అక్కడ కోను బిగుసుకుని గొంతు మారిపోతుంది.

ఇంత చేసినా పాట బొంగురుగానే వస్తుంటే మళ్లీ కోను జోలికి పోకూడదు. ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డు దగ్గరి పాత మైనం కండెన్సరు కారుతోందేమో మీటరు పెట్టి చూడాలి. అక్కడ పాజిటివ్ వోల్టేజి కనిపిస్తే అది మార్చేదాకా సెట్టు ఆన్ చేయొద్దు. వాల్వుతో పాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుంది.