నెత్తురులో ఉప్పు



షడ్రసములలో లవణ మొకటి. లావణ్య మను మాటయు లవణ మను శబ్దమునుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. వంటకు రుచి నిచ్చు ఈ ఉప్పు మన ప్రాణమునకే ఆధారమని వైద్యులు తెలిసికొనిన కథ దాదాపు రెండువందల యేండ్లది. ఆ కథను, అందు మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలవారు గ్రహింపదగిన సంగతులను నేడు మనవి చేసెదను.

మన పెద్దలు గత్తర యని భయపడిన కలరా 1817లో వంగదేశమున చెలరేగి, దేశదేశములు తిరిగి, 1831లో ఇంగ్లండు చేరెను. 22 ఏండ్ల ప్రాయపు వైద్యుడు విలియం ఓషానెస్సీ రోగుల నెత్తురును పరీక్షించి, అందుండి నీరును లవణములును వెడలిపోయినవని కనుగొనెను. తరువాత హిందూదేశమున తంతితీగెలు వేయించినవా డితడే. మఱుసటి యేడు, 1832లో, స్కాట్లండున థామస్ లట్టా అను వైద్యుడు చావునకు సిద్ధముగ నున్న ఒక వృద్ధస్త్రీకి ఉప్పునీటిని నరములోని కెక్కించెను. ఆమె తేరుకొనెను, కాని విరేచనములు మరల మొదలై కొన్ని గంటలలో మరణించెను. పిమ్మటి రోగులలో కొందఱు బ్రతికిరి. అయినను లోకము ఆ చికిత్సను చాలకాలము మఱచెను. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ దానిని సంస్కరించి మరల నిలువబెట్టెను.

ఇక గనుల సంగతి. ఇంగ్లండులోని లోతైన బొగ్గుగనులలో వేడి మెండు. కూలీలు చెమటోడ్చి, కడుపునిండ నీరు త్రాగి, పిదప పిక్కలును పొట్టయు కొంకర్లు పోయి విలవిలలాడుచుండిరి. చెమటతో ఉప్పు పోవుచుండగా ఉప్పులేని నీటినే విస్తారముగ త్రాగుట ఇందులకు కారణమని 1923లో నెవిల్ మాస్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను.

ఇది మనకు దూరపు కథ కాదు. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడెను. బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖని గనులు మన సీమలోనివే. 2016 నాటి విభజనలో మొదటి రెండును మంచిర్యాల జిల్లాలో, మూడవది పెద్దపల్లి జిల్లాలో చేరినవి. వేసవిలో రామగుండమున ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. నేను బడిపంతులుగా నున్న కాలమున మా విద్యార్థుల తండ్రులు పలువురు గనిలో దిగువారు. ఉప్పు వేసిన అంబలియో, గంజియో, మజ్జిగయో త్రాగనిదే వారు ఇల్లు వెడలెడివారు కారు. మాస్ పేరు వారెఱుగరు. ఆయన చెప్పిన మర్మము వారి ముంతలోనే యుండెను.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బన్‌గావ్ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలగా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించి మరణములను నూటికి ముప్పదినుండి నాలుగింటికి లోపునకు తగ్గించెను. చక్కెర తోడైన ప్రేగు ఉప్పును, దానితో నీటిని లోనికి గ్రహించును. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నియు తలకొట్టి కొలిచినవి: విరేచనములకు ఇంట చేసికొనదగిన మందిది.

ఉప్పులోని ముఖ్యాంశము సోడియము. నెత్తురున అది లీటరునకు 135 మొదలు 145 మిల్లీమోలుల వఱకు నుండవలెను. తగ్గినచో నీరు శరీరకణములలోనికి చొఱబడి వానిని ఉబ్బించును. తక్కిన అవయవములకు ఉబ్బుటకు చోటు కలదు. కపాలములోని మెదడునకు లేదు. అందుచేత మొదట తలనొప్పి, వికారము, నీరసము; పిమ్మట తడబాటు, మతి తప్పుట, మగత; ముదిరిన మూర్ఛలు, స్పృహలేమి కలుగును. నిన్నటివఱకు చక్కగ మాటలాడిన ముదుసలి నేడు మనుమని పోల్చలేకున్న, దానిని చాదస్త మనియో, గాలి సోకిన దనియో త్రోసివేయకుడు. ఆ దినమే ఆసుపత్రికి కొనిపోయి నెత్తురు పరీక్ష చేయింపుడు. రక్తపుపోటునకు మూత్రము జారీచేయు మాత్రలు వాడువారి విషయమున మఱింత మెలకువ కావలెను; ఆ మాత్రలను వైద్యునకు చూపుడు.

అట్లని ఇంట ఉప్పు కుక్కి తినిపింపరాదు. గుండె, కాలేయముల జబ్బులవారిలో నీరు మితిమీరుటచే సోడియము పలుచబడును. వారికి నీటిని తగ్గించుటయే తగును, ఉప్పు హాని చేయును. పిప్పలి, క్షారము, లవణము అతిగా వాడరాదని చరకసంహిత ఏనాడో హెచ్చరించినది. ఆసుపత్రిలోను తొందర పనికిరాదు. బహుదినములుగా తగ్గియున్న సోడియమును ఒక్కసారిగ పెంచిన మెదడులోని నరముల పైపొర చెడునని 1986లో అమెరికా వైద్యులు విశదపఱచిరి. మూర్ఛలు వచ్చువారికి 3 శాతపు ఉప్పునీటిని కొలతతో వెంటనే ఎక్కింతురు. అయినను దినమునకు 8, 10 మిల్లీమోలులకు మించి పెరుగనీయరు. చికిత్స నెమ్మదిగ సాగుచున్నదని ఆసుపత్రివారిపై ఆగ్రహింపకుడు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు త్రాగక తప్పదని మన సామెత. ఎండలో చెమటోడ్చి నీళ్ళు త్రాగువాడు ఉప్పును మఱువరాదని ఈ చరిత్ర మనకు చెప్పుచున్నది. ఈ రెండును మీ యూరివారికి తెలుపుదురుగాక.