సంబంధాల లెక్కలో స్వలింగ ప్రేమ

స్వలింగ ప్రేమ మాటెత్తితే మన వాదాలు నేరుగా శాస్త్రాల మీదికి పోతాయి. హిందూధర్మం దాన్ని ఒప్పుకుంటుందని ఒకరు, ఒప్పుకోదని మరొకరు శ్లోకాలు ఏరుకొస్తారు. మధుర, కోయంబత్తూరుల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల చరిత్రను ఎదురుగా పెట్టుకుని చదివితే ఆ శ్లోకాలే మరోలా కనిపిస్తాయి. ఈ విషయంలో కట్టడి పెట్టింది గుడి కన్నా ఎక్కువగా ఇల్లు. ఆ ఇల్లు చూసుకున్నది పాపపుణ్యాల కన్నా ఎక్కువగా పెళ్లి సంబంధం.

మనుస్మృతినే తీసుకుందాం. పదకొండో అధ్యాయం మగవాడితో మగవాడి కలయికకు కట్టుబట్టలతో స్నానం చేయమంటుంది. అదే శ్లోకంలో ఎడ్లబండిలోనో, నీళ్లలోనో, పట్టపగలో స్త్రీతో కలిసినవాడికీ అదే స్నానం! మరోచోట దాన్నే జాతిభ్రంశకరమని, అంటే కులం పోగొట్టేదని కూడా అంది, నిజమే. కానీ అక్కడా చెప్పింది ప్రాయశ్చిత్తమే. ఎనిమిదో అధ్యాయంలో, ఒక కన్య మరో కన్యను చెరిపితే మాత్రం గొంతు మారుతుంది. రెండువందల పణాల జరిమానా, కన్యాశుల్కానికి రెట్టింపు సొమ్ము, పైన పది దెబ్బలు. ఆ పని చేసినది పెద్ద వయసు స్త్రీ అయితే శిక్ష ఇంకా క్రూరం: తల గొరిగించడమో, రెండు వేళ్లు నరకడమో, పైగా గాడిద మీద ఊరేగించడం. నష్టాన్ని ఓలి సొమ్ముతో కొలిచిన శాస్త్రకారుడికి దేని మీద దిగులో అర్థమవుతూనే ఉంది. పిల్ల పెళ్లికి పనికిరాకుండా పోతుందేమోనన్నదే ఆయన భయం.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలై 1730ల దాకా సాగిన మధుర నాయక పాలన తెలుగువాళ్లను పాళెగాళ్లుగా, సైనికులుగా, రైతులుగా దక్షిణాన పాతుకునేలా చేసింది. నాయకులు పోయారు; కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు, అరుంధతీయులు మిగిలారు. బడిలో చదువూ రాతా తమిళమే అయినా ఎన్నో ఇళ్లలో తెలుగు మాట బతికిందంటే కారణం మేనరికాలు, ఇంటిపేర్లు, కులం లోపలి వియ్యాలు. పరాయి నేల మీద పెళ్లే వాళ్ల పొలిమేర కంచె. దాటిన వాళ్లెవరైనా, ఎందుకు దాటినా, ఆ కంచెకు గండి కొట్టినవాళ్లే. కులం తప్పిన పెళ్లికీ స్వలింగ ప్రేమకూ పెద్దల కోపం ఒకే తీరుగా ఉండటానికి కారణం ఇక్కడుంది.

అయితే మధుర నాయకుల దర్బారు కవిత్వంలో శృంగారానికి కొదవ లేదు కదా అనొచ్చు. విజయరంగ చొక్కనాథుడి (1706–1732) కాలపు సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు ‘అహల్యాసంక్రందనం’ రాశాడు. శేషము వేంకటపతి ‘తారాశశాంక విజయం’ రాశాడు. రెండింటిలోనూ పరాయి భార్యతో ప్రేమే కథ. ఇవి చూపించి, పూర్వీకులు అన్ని ప్రేమలనూ ఆదరించారని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నాకు మింగుడు పడదు. ఆ కావ్యాల్లో కోరికకు హద్దులు చెరిగినా అది స్త్రీపురుషుల మధ్యే తిరుగుతుంది. అయినా కోరిక గురించి సిగ్గుపడకుండా మాట్లాడే భాష మాత్రం అప్పుడుంది. దాన్ని పోగొట్టుకున్నది తర్వాతి కాలంలో. 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 377 ‘ప్రకృతి విరుద్ధ’ సంపర్కానికి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. స్నానంతో పోయే దోషం జైలు నేరమైంది. మన సంస్కర్తలూ వెనకబడలేదు. తంజావూరు కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ వీరేశలింగానికి అసభ్యంగా తోచింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు హయాంలో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. రాధాకృష్ణుల ప్రేమకే ఈ గతి పడితే, పేరు కూడా ఎత్తని ప్రేమ సంగతి చెప్పేదేముంది! స్వలింగ ప్రేమ పాశ్చాత్యుల నుంచి వచ్చిన జబ్బు అనేవాళ్లు ఈ వరస గమనించాలి. పాశ్చాత్యుల నుంచి వచ్చింది జైలుశిక్ష.

ఇంకో ఆక్షేపణ బలమైనదే. కోయంబత్తూరు సింగానల్లూరులో కూత్తాండవర్ గుడి ఉంది. కూవాగం అనే ఊళ్లో ఏటా హిజ్రాలు ఆ దేవుడి పేరునే తాళి కట్టించుకుని మర్నాడు వితంతువులవుతారు. మధుర చిత్తిరై ఉత్సవంలో అళగర్ స్వామి మోహినీ అలంకారంలో దర్శనమిస్తాడు. ఇంత చోటిచ్చిన మతాన్ని కఠినమైనదని ఎలా అంటాం? అనక్కర్లేదు, కాకపోతే ఆ చోటు ఎవరిదో చూడాలి. కూవాగం చోటు లింగ గుర్తింపు వేరైనవాళ్లది, చాలావరకు పుట్టింటి సంబంధాల లెక్కలోంచి అప్పటికే తప్పుకున్నవాళ్లది. పెళ్లీడుకొచ్చి, మేనబావ ఎదురుచూస్తుండగా మరో అమ్మాయిని ప్రేమించిన పిల్లకు ఆ పండుగలో చోటు లేదు.

ఆ పిల్ల సంగతి చివరికి కోర్టుల్లో తేలాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని 377 నుంచి తప్పించింది. 2019లో మద్రాసు హైకోర్టు మధుర ధర్మాసనంలో న్యాయమూర్తి జి.ఆర్. స్వామినాథన్, ఒక పురుషుడికీ ట్రాన్స్ మహిళకూ జరిగిన పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లుతుందన్నారు. ప్రేమించుకున్న ఇద్దరు మధుర యువతులు చెన్నైకి వెళ్లిపోయిన కేసులో, 2021 జూన్‌లో న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ తనకే అవగాహన చాలదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నాకే ఉత్తర్వు ఇచ్చారు. స్వలింగ ప్రేమను ‘నయం’ చేస్తామనే వైద్యాన్ని నిషేధించారు. అక్కడ పోలీసుల దాకా వెళ్లింది మఠమో మతసంస్థో కాదు, ‘అమ్మాయి కనబడటం లేదు’ అన్న కన్నవాళ్లు. 377 మీద ఆ తీర్పు వచ్చి రెండేళ్లు దాటాక కూడా ఆ ఫిర్యాదుకు అడ్డేమీ రాలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి ప్రాథమిక హక్కు లేదంది. 2025 మేలో మద్రాసు హైకోర్టులో స్వామినాథన్ ఉన్న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మాత్రం, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని చెప్పింది. మేనరికాల మీద, వియ్యాల మీద నాలుగైదు శతాబ్దాలు నిలిచిన తెలుగిళ్లకు 377 పోవడం పెద్ద ఇబ్బంది కాదు, దానివల్ల ఇంట్లో మార్చుకోవాల్సింది ఏమీ లేదు. కుటుంబానికి పెళ్లి ఒక్కటే దారి కాదన్న మాట ఒప్పుకుంటే మాత్రం సంబంధాల లెక్క మొదటినుంచీ వేసుకోవాలి.