అంకెలలో నిమిడిన గాలి

విజయవాడ ఆటోనగరులో ఒక లారీ ఇంజను నుండి విప్పి గోనెపట్టాపై నుంచిన టర్బోచార్జరును ఒకనాడు చేతబట్టి చూచితిని. నత్తగుల్లలను పోలిన రెండు గూళ్లలో ఒకటి పొగవేడిమికి కాగి కాగి తుప్పురంగు తేరిన పోత ఇనుముది, రెండవది తెల్లని అల్యూమినియముది. ఆ రెంటి నడుమ నూనెలో తేలుచు తిరుగు ఇరుసు, దాని కొనలయందు చెరియొక చక్రము. ఇనుపగూటిపై ఏ/ఆర్ అను రెండక్షరములును, వాని సరసన 0.63 అను సంఖ్యయు పోతలోనే ఉబ్బెత్తుగా వెలసియుండెను. ఇంత బరువైన వస్తువుయొక్క ప్రమాణమును ఇంత చిన్న దశాంశము తెలుపుట ఎట్లు సంభవించెనో విచారింపగా, దాని వెనుక సుదీర్ఘమైన కృషి గోచరించెను.

ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో పెద్దపాలు వేడిపొగతో కలిసి వ్యర్థముగా బయటికి పోవుటను గమనించి, ఆ పొగచేతనే ఒక టర్బైనును త్రిప్పించి, ఆ టర్బైను బలముచేత గాలిని అదిమి మరల ఇంజనునకే అందింపవచ్చునని భావించిన స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి, 1905లో ఆ యూహకు పేటెంటు కోరెను. ఊహ నౌకనెక్కుటకు ఇరువదేండ్లు పట్టెను. 1926 నాటి జర్మను ప్రయాణికుల నౌకలు ప్రూయిసెన్, హాన్సెస్టాట్ డాంజిగ్‌లలో అతని పర్యవేక్షణమున అమర్చిన టర్బోలు డీజిలు ఇంజను శక్తిని 1,750 నుండి 2,500 అశ్వశక్తులకు పెంచెను. అంతకుముందే, 1918లో, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ లిబర్టీ విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ శిఖరముపైకి, 14,000 అడుగుల ఎత్తునకు చేర్పించి, దిగువన 350 అశ్వశక్తులనిచ్చు ఆ యంత్రము పలుచని గాలిలో 230కి దిగజారుటయు, టర్బో తోడైనంతనే 356కు చేరుటయు ప్రత్యక్షముగా నిరూపించెను.

ఆనాడు టర్బో అనగా ఒక నౌకకో విమానమునకో ప్రత్యేకముగా గీసి చేసిన వస్తువు గనుక, దాని కొలతలు నిర్మాతల చిత్రపటములలో నున్న చాలెడిది. 1950ల నడుమ గారెట్ సంస్థ టర్బోలు క్యాటర్‌పిల్లర్ డీ9 ట్రాక్టరునకును, 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారునకును ఎక్కి, ఒకే ఇరుసు కూర్పునకు వేర్వేరు గూళ్లను తగిలించి వేర్వేరు ఇంజనులకు సరిపుచ్చు పద్ధతి ప్రబలిన పిమ్మట, విప్పి చూడకయే తెలియదగిన సంకేతము ఆవశ్యకమయ్యెను.

ఏ/ఆర్ అట్టి సంకేతము. పొగ ప్రవేశించు గూటిమార్గపు అడ్డుకోత వైశాల్యమును, ఆ కోత నడిమి నుండి ఇరుసు కేంద్రమునకు గల దూరముచేత భాగింప వచ్చు ఫలమే ఇది. ఈ సంఖ్య చిన్నదైన మార్గము ఇరుకై పొగ వడిగా తాకి చక్రము త్వరగా లేచును. కాని ఇంజను వేగము హెచ్చినపుడు పొగ వెనుకకు ఒత్తును. పెద్దదైన, ఆలస్యముగా లేచి, పిమ్మట ధారాళముగా ఊపిరి విడుచును. గాలిని అదుము చక్రమునకు, అనగా కంప్రెసరు చక్రమునకు, మరియొక కొలత గలదు. గాలి చొచ్చు అంచు వ్యాసపు వర్గమును, వెలువడు అంచు వ్యాసపు వర్గముచేత భాగించి నూరుచే గుణించిన ట్రిమ్ అందురు. గారెట్ జీటీ3071ఆర్ కంప్రెసరు చక్రమున ఆ వ్యాసములు 53.1, 71 మిల్లీమీటర్లు; ట్రిమ్ 56. పేరులోని 30 నిర్మాణ కుటుంబమును, 71 ఆ పెద్ద వ్యాసమును, చివరి ఆర్ బాల్ బేరింగులను తెలుపును.

అయినను ఈ భాష సర్వత్ర ఒక్కటి గాదు. మిత్సుబిషి, హోల్సెట్ సంస్థలు పొగగూటిని చదరపు సెంటీమీటర్ల వైశాల్యముచేతనే పిలుచుట వాడుక. ఏ/ఆర్ సైతము శుద్ధ నిష్పత్తి గాక ఒక పొడవు, అంగుళములలో 0.63 అగునది సెంటీమీటర్లలో 1.6 అగును. కావున ఏ కొలబద్దతో కొలిచిరో ఎరుగక అంకెను అంకెతో పోల్చుట, మానెడును తవ్వెడుతో పోల్చినట్లగును.

ఆటోనగరు మెకానికు నన్నడిగిన మాట ఇప్పటికిని గుర్తున్నది: "పెద్దది వేస్తే పికప్ రాదండీ, ఘాటులో పొగ కక్కుతుంది. మీ బండి ఏ ఇంజనో ముందు చెప్పండి." అతడు ఏ సూత్రమును వల్లింపలేదు, కాని అంకె టర్బో పరిమాణమును గాక, టర్బోకును ఇంజనుకును గల పొత్తును తెలుపునని అతనికి చేతి అనుభవముచేత తెలియును. బ్యూకి పొగకును గాలికిని కుదిర్చిన పొత్తే ఆ ఇనుపగూటిపై 0.63 అను అంకెయై నిలిచినది.