పాపప్‌కు చోటు దొరికిన కథ

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ తెర మీది పంపు బొమ్మను నొక్కగానే చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. పంపు నడుస్తోందా ఆగిందా, ఆటోలో ఉందా మాన్యువల్‌లో ఉందా, ఆపాలంటే ఏ బటన్ నొక్కాలి, అన్నీ అందులోనే ఉంటాయి. పాపప్ అంటారు దాన్ని, ఫేస్‌ప్లేట్ అని కూడా అంటారు. అది తెర మీద ఎక్కడ తెరుచుకోవాలన్నది ప్రాజెక్టు ముగిసే రోజుల్లో హడావుడిగా తేల్చేసే విషయంగా మిగిలిపోయింది. దాని వెనక ఉన్న చరిత్ర తెలిస్తే అంత తేలిగ్గా తేల్చబుద్ధి కాదు.

ఫేస్‌ప్లేట్ మొదట గోడలో బిగించిన పరికరపు ముఖం. 3 నుంచి 15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో పనిచేసే కంట్రోలర్లు వరసగా ప్యానెల్‌లో ఉండేవి. ఒక లూపుకి, అంటే కొలిచి సరిచేసే ఒక్కో నియంత్రణకి, ఒక పరికరం. ఎంత ఉండాలో చెప్పే ముల్లు, ఎంత ఉందో చెప్పే ముల్లు, వాల్వు ఎంత తెరుచుకుందో చెప్పే సూచిక దాని మీదే కనిపించేవి. ప్యానెల్ పొడుగ్గా, చూడ్డానికి గజిబిజిగా ఉండేది కానీ దానికో గొప్ప గుణం ఉంది. బాయిలర్ నీటి మట్టం ఎప్పుడూ అక్కడే, ఆవిరి పీడనం ఎప్పుడూ దాని పక్కనే. అన్ని ముళ్లూ ఒకే తీరుగా నిలబడి ఒక్కటి పక్కకి వాలితే, గదిలోకి అడుగు పెడుతూనే అనుభవజ్ఞుడి కన్ను దాన్ని పట్టేసేది. అంకె చదవక్కర్లేదు. ఏ చోట వాలిందో చూస్తే ఏది చెడిందో తెలిసిపోయేది.

1975లో అమెరికాలో హనీవెల్ టీడీసీ 2000, జపాన్‌లో యోకొగావా సెంటమ్ అనే కంప్యూటర్ నియంత్రణ వ్యవస్థలను తెచ్చాయి. గోడంత ప్యానెల్ గాజు తెరలోకి వచ్చేసింది. టీడీసీ 2000 గ్రూప్ తెర మీద ఎనిమిది లూపుల ఫేస్‌ప్లేట్లు పక్కపక్కనే నిలువు పట్టీల్లా కనిపించేవి. పాత గోడ పోలికను వదలకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. అయినా ఒకసారి కనిపించేది ఎనిమిదే. మిగతావి చూడాలంటే పేజీ మార్చాలి. గోడ మీద ప్రతి పరికరానికీ ఉన్న సొంత చోటు అలా పోయింది.

అదే దశాబ్దంలో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో, 1973 నాటి ఆల్టో కంప్యూటర్ మీద అలన్ కే బృందం ఒకదాని మీద ఒకటి పరుచుకునే కిటికీలను తయారుచేసింది. బల్ల మీద కాగితాలే వాటికి నమూనా. ఉత్తరం రాసుకునేవాడికి ఒక కాగితం మరోదాన్ని కప్పితే నష్టమేమీ లేదు. కర్మాగారాన్ని నడిపేవాడి సంగతి వేరు.

ఎంత వేరో 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో తెలిసింది. అత్యవసరంగా నీళ్లు అందించాల్సిన గొట్టాల్లో రెండు వాల్వులు మూసి ఉన్నాయి. ఆ సంగతి చెప్పే దీపాలు ప్యానెల్ మీద వెలుగుతూనే ఉన్నాయి, కానీ వాటిలో ఒకదాన్ని మరమ్మతు కోసం తగిలించిన పసుపు చీటీ కప్పేసింది. దాదాపు ఎనిమిది నిమిషాల దాకా ఎవరూ గమనించలేదు. రియాక్టర్ కోర్ కరగడానికి అసలు కారణం ఆ వాల్వులు కావు. తెరుచుకుని మళ్లీ మూసుకోని మరో వాల్వు. అది తెరిచే ఉందని పట్టించగల, దాని నుంచి బయటపడేది చేరే ట్యాంకు మీటర్లు ప్రధాన ప్యానెల్ వెనక వైపున, ఆపరేటర్ల చూపుకి అందని చోట ఉన్నాయి. ఒకచోట సమాచారం కప్పబడింది, మరోచోట దూరంగా పడింది. పాపప్ గురించి ఆలోచించే ఎవరైనా ఈ రెండు తప్పులనూ దగ్గర పెట్టుకోవాలని నా అభిప్రాయం.

1985లో వచ్చిన విండోస్ 1.0లో కిటికీలు పక్కపక్కనే తప్ప ఒకదాని మీద ఒకటి నిలిచేవి కావు, చిన్న డైలాగ్ బాక్సులు తప్ప. 1987లో విండోస్ 2.0 ఆ అడ్డు తీసేసింది. ఆ తర్వాత కొద్ది కాలానికే కాలిఫోర్నియాకు చెందిన వండర్‌వేర్ కంపెనీ విండోస్ మీద నడిచే ఇన్‌టచ్ అనే ఆపరేటర్ తెరల సాఫ్ట్‌వేర్‌ను పరిశ్రమలకు అందించింది. అందులో కిటికీ మూడు రకాలు: తనకు అడ్డొచ్చిన వాటిని మూసేసే రీప్లేస్, ఉన్నవాటి మీద పరుచుకునే ఓవర్‌లే, ఎప్పుడూ అన్నిటికన్నా పైనే నిలిచే పాపప్. ఎక్కడ తెరవాలో చెప్పడానికి షోఎట్ అనే ఆదేశం ఉంది. దానికి ఇచ్చే అంకెలు కిటికీ నడిబొడ్డుకి వర్తిస్తాయి. షోటాప్‌లెఫ్ట్‌ఎట్‌కి ఇచ్చేవి ఎడమ పైమూలకి. సిటెక్ట్ అనే అలాంటి మరో సాఫ్ట్‌వేర్‌లో ఈ పనిని విన్‌న్యూఎట్ చేస్తుంది.

అంకెలొచ్చాక అంకెల తిప్పలూ వచ్చాయి. 1920 పిక్సెళ్ల వెడల్పు తెర మీద 1700 దగ్గర పంపు ఉందనుకుందాం. 400 వెడల్పున్న పాపప్‌ను అక్కడి నుంచి మొదలుపెడితే 2100 దాకా పోతుంది. కుడివైపు ఉండే స్టాప్ బటన్ తెర దాటిపోతుంది. అందుకే తెర అంచుని కొలిచి, మిగులు ఎంతో చూసి, పాపప్‌ను 1520 దగ్గరికి లాగే నాలుగు లైన్ల లెక్క ప్రతి మంచి ప్రాజెక్టులోనూ ఉంటుంది. 640కి 480 తెర కోసం రాసిన అంకెలు పెద్ద తెర వచ్చాక పాపప్‌ను ఎక్కడో ఎడమ మూలకి నెట్టేస్తాయి. విండోస్ 98తో ఒకే కంప్యూటర్‌కి రెండు మానిటర్లు కలిపే వీలొచ్చాక ఇంకో చిక్కు. లెక్క ప్రధాన మానిటర్ ఎడమ పైమూల నుంచి మొదలవుతుంది కాబట్టి, దానికి ఎడమన ఉన్న మానిటర్ అంకెలు సున్నా కన్నా తక్కువ. ఆ సంగతి మరిచి రాస్తే నొక్కింది ఒక తెర మీద, తెరుచుకునేది మరో తెర మీద.

లెక్క సరిచేసుకోవచ్చు. ఒత్తిడిలో ఉన్న మనిషి సంగతే అసలు కష్టం. 1994 జులైలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీదికి 275 అలారాలు వచ్చి పడ్డాయి. 2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో టవర్ నిండి పొంగి 15 మంది చనిపోయారు. లోపలికి వస్తున్న ద్రవం ఎంతో ఒక తెర మీద, బయటికి పోతున్నది ఎంతో మరో తెర మీద ఉన్నాయని దర్యాప్తులో తేలింది. 2015లో వచ్చిన ఐఎస్‌ఏ 101 ప్రమాణం ప్రతి ప్లాంటూ తన తెరల తీరును రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలంటుంది. పాపప్ చోటు కూడా ఆ రాతలోకి ఎక్కాల్సిందే.

పాపప్ నొక్కిన బొమ్మ పక్కనే తెరుచుకోవాలని ఒక వాదం. కన్ను ఎక్కువ దూరం తిరగక్కర్లేదు, ఏ పంపుదో సందేహం రాదు. నిజమే. కానీ ఆ పక్కన ఉన్నది మామూలుగా దాని జంట పంపు, లేదా అదే ట్యాంకు మట్టం. అవసరం పడ్డ క్షణంలోనే అవి కనిపించకుండా పోతాయి. నేను కుడి అంచున పట్టీలా స్థిరమైన చోటు కేటాయించడం వైపే ఉంటాను. కొంత తెర ఖర్చవుతుంది, అవనివ్వండి. ఆ పట్టీ అలారాల వరుసను ఎన్నడూ తాకకూడదు. పేజీ మారితే పాత పాపప్ తనంత తానే మూసుకోవాలి. ఏ బొమ్మ ఫేస్‌ప్లేట్ తెరిచి ఉందో ఆ బొమ్మ చుట్టూ గీత వెలగాలి. ఎందుకంటే పంపు ఏ, పంపు బీ ఫేస్‌ప్లేట్లు అచ్చంగా ఒకేలా ఉంటాయి. తేడా అంతా పైనున్న పేరులోని ఒక్క అక్షరం. ఆ గీత లేకపోతే, నడుస్తున్న పంపును ఆపేశాక గానీ అది రెండోదని తెలియదు.