కాలయాత్రికుని సహచరి

భాగవత నవమస్కంధమున రేవతి కథ కలదు. కుశస్థలి నేలిన కకుద్మి మహారాజు తన కూతురగు రేవతికి తగిన వరు డెవ్వడో తెలిసికొనుటకై యామెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అచ్చట గంధర్వుల గానము జరుగుచుండెను. అది ముగియువరకు తండ్రియు కూతురును వేచియుండిరి. పిదప రాజు తన మనసులోని మాట విన్నవింపగా బ్రహ్మ నవ్వి, యీ కొంచెము సేపటిలో భూమిమీద 27 మహాయుగములు గడచిపోయినవనియు, నీవు కోరిన వరులే గాక వారి మనుమల పేర్లయిన నిప్పుడు వినరావనియు చెప్పి, కన్యను బలరామున కిమ్మని పంపెను. విష్ణుపురాణమున నింకొక ముచ్చట కలదు. పూర్వయుగమున పుట్టిన యామె మిక్కిలి పొడగరి యగుటచే, బలరాముడు నాగటి కొనతో నామెను వంచి నాటి స్త్రీల పొడవునకు తెచ్చెనట.

ఈ కథను మనవారు కాలగతి విచిత్రమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అది సరియే. కాని యన్ని యుగములు దాటి వచ్చిన యా కన్య కథలో నొక్క మాటయైన నాడినట్లు కానరాదు. తల్లి యేమయ్యెనని యడుగలేదు. తాను పుట్టిన యూరేమయ్యెనని యడుగలేదు. పొడవు తగ్గించునపుడు నొచ్చెనో లేదో యెవ్వరును వ్రాయలేదు. కాలములో ప్రయాణము చేసినది యామెయే. ప్రయాణికుడు మాత్రము తండ్రి.

కాలయాత్రికునికి తోడుగా పోయిన యువతికి కథకు లిచ్చిన స్థాన మెట్టిదో పరిశీలించినచో, ఆయా కాలములవారు స్త్రీని గూర్చి యేమి తలచుచుండిరో తెలియును. అంతకంటె ముఖ్యమైన మరియొక విషయమును తెలియును. దానిని చెప్పుటకే యీ వ్యాసము.

ఆంగ్లసాహిత్యమున కాలయంత్రమను భావమును జనసామాన్యమునకు పరిచయము చేసినవాడు హెచ్. జి. వెల్సు. 1895లో వెలువడిన ఆయన నవల 'ది టైం మెషీన్'లో నొక శాస్త్రజ్ఞుడు తాను నిర్మించిన యంత్రముపై క్రీ.శ. 8,02,701వ సంవత్సరమునకు పోవును. అచ్చట నదిలో కొట్టుకొనిపోవుచున్న వీనా యను చిన్నదానిని రక్షించును. అదిమొద లామె యాతనిని విడువక వెంట తిరుగును, పూవులు తెచ్చి జేబులో నుంచును, చీకటికి జడియును, తుదకు కార్చిచ్చు రేగిన యడవిలో కనుమరుగగును. యాత్రికునికి మిగిలినవి వాడిన తెల్లని పూవులు రెండు. 1909లో 'ఆన్ వెరోనికా' వ్రాసి స్త్రీ స్వేచ్ఛను సమర్థించినవాడు వెల్సు. అట్టివాని చేతిలోను కాలయాత్రికుని తోడు పసిదానివంటి స్నేహముగానే యుండెను. ప్రశ్న వేయు మనిషి కాలేదు.

ఆ మార్పు 1963లో వచ్చినది. ఆ యేడు నవంబరు 23వ తేది శనివారము సాయంకాలము లండనులోని బి.బి.సి. వారు టెలివిజనులో 'డాక్టర్ హూ' అను ధారావాహికమును ప్రారంభించిరి. ముందునాడే యమెరికా యధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగియుండుటచే, మరుసటి వారము మొదటి భాగమునే మరల చూపి, పిమ్మట రెండవదానిని చూపవలసివచ్చెను. దీని నిర్మాత వెరిటీ లాంబర్టు. నాటి కామెకు 27 ఏండ్లు. ఆ సంస్థ నాటకశాఖలో నిర్మాతగా నున్న స్త్రీ యామె యొక్కతెయే. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుసేను. ఆయన 1938లో మన లక్నోలో పుట్టినవాడు. పిల్లలకు వినోదముతోబాటు చరిత్రయు విజ్ఞానశాస్త్రమును నేర్పవలెననునది నాటి యుద్దేశము.

కథ యిట్టిది. డాక్టరని మాత్రమే పిలువబడు నొక వృద్ధుడు, పైకి వీథిలోని పోలీసు టెలిఫోను పెట్టెవలె నుండి లోపల నెంతయో విశాలమైన యొక యంత్రములో దేశకాలములను దాటి తిరుగుచుండును. వెంట మనుమరాలు సుసాన్. ఆ బాలిక లండనులో నొక బడిలో చేరగా, ఆమె కొన్నిట మితిమీరిన తెలివియు, కొన్నిట వింతయైన తెలియమియు చూపుట గమనించి, చరిత్ర చెప్పు బార్బరా రైటును, శాస్త్రము చెప్పు ఇయాన్ చెస్టర్టనును ఆమె వెంట పాతసామానుల దొడ్డికి పోయిరి. అచ్చట యంత్రములో చిక్కుకొని దానితో కాలప్రవాహమున పడిరి. చరిత్రను పుస్తకములో చెప్పుచుండిన స్త్రీ చరిత్రలో కాలు పెట్టుట కాలయాత్ర కథలలో గొప్ప మలుపు. ఆమె యొకరి కూతురుగా పోలేదు, భార్యగా పోలేదు, చదువుకొన్న దానిగా పోయెను.

1964 మే, జూను మాసములలో ప్రసారమైన 'ది ఆజ్టెక్స్' అను నాలుగు భాగముల కథను జాన్ లుకరొట్టి వ్రాసెను. అందు బార్బరా మెక్సికో దేశమున పూర్వమొక యాజ్టెక్ సమాధిలో దిగి, యచ్చటి కంకణము చేతికి తొడుగుకొనెను. ప్రజ లామెను మరణించిన యొక ప్రధానపురోహితుని పునర్జన్మగా నెంచి పూజింపసాగిరి. ఆ జాతి శిల్పమును, తోటలను, జ్యోతిషమును ఆమె యెరుగును; వారు చేయు నరబలి నెరుగును; 1519లో స్పెయిన్ దేశపు కోర్టెజు రానున్నాడనియు, 1521లో వారి రాజధాని కూలనున్నదనియు నెరుగును. నరబలి మాన్పగలిగినచో వచ్చినవారు వీరిని సంహరింపక మన్నింతురేమోయని యాశపడెను. డాక్టరు వారించెను. చరిత్రలో నొక్క పంక్తియైనను తిరుగవ్రాయ వలనుపడదని ఖండితముగా చెప్పెను.

ఆమె వినలేదు. వర్షముకొరకు చేయు బలిని తన దైవత్వము పేర నాపివేసెను. కాని బలికాదగిన వాడే తనకు దక్కవలసిన గౌరవము పోయెనని గుడిమీదినుండి దుమికి చచ్చెను. వెంటనే వాన కురిసెను. బలిపురోహితుడు ఆ వానను తనకు సాక్ష్యముగా చూపెను. సంస్కర్తల కిది తెలియని యనుభవము కాదు. దురాచారము పీడించువానిని మాత్రమే కాక పీడితుని మనసును కూడ లోబరచుకొనియుండును. దానిని పై యధికారముచే నొక్కనాట మాన్పబోయినచో, మాన్పినవారే దోషులగుదురు. తుదకు బార్బరా యోడిపోయెను, బలి జరిగెను. కాని జ్ఞానపురోహితుడగు ఔట్లాక్ అనువాడు ఆమె మాటలు విని, తాను నమ్మినదానిని తానే విచారించుకొని, పదవిని విడిచి సత్యమును వెదకుచు నడవికి పోయెను. జాతిని రక్షింపజాలకపోయినను ఒక్క మనుష్యునికి మేలు చేసితివని డాక్టరే యామె నూరడించెను.

అంతమాత్రమున స్త్రీల స్థాన మొక్కసారిగా మారెనని చెప్పరాదు. ఆ 1964 డిసెంబరులోనే సుసాన్ ఒక యువకుని ప్రేమించుట చూచి, తాత యంత్రపు తలుపు మూసి, ఆమెను భూమిమీద విడిచి వెడలిపోయెను. ఆమె యుందునని చెప్పలేదు, వత్తునని చెప్పలేదు, తాతయే నిర్ణయించెను. కకుద్మి చేసినదానికిని దీనికిని భేద మెంత? బార్బరా మాత్రము 1965లో ఇయానుతో గూడి తన యిచ్ఛచే స్వస్థలమునకు మరలెను. తరువాతి యేండ్లలో పెక్కుమంది సహచరులు కేకలు వేయుటకును, బందీలగుటకును, డాక్టరును సందేహము లడుగుటకును మాత్రమే యుపయోగపడిరి. 1973 డిసెంబరులో వచ్చిన పత్రికావిలేఖరి సారా జేన్ స్మిత్, మధ్యయుగపు కోటలోని వంటయింట నిలిచి, అచ్చటి యాడువారితో మగవారికి బానిసలై యుండవలదని వాదించెను. ఆ మాట వారికి వింతగా తోచెను. లండనులో నప్పు డా వాదము వీథివీథిని వినబడుచుండెను. కథలోనికి నదే ప్రవేశించినది.

1989లో నిలిచిపోయిన యా ధారావాహికము 2005 మార్చి 26న తిరిగి మొదలయ్యెను. ఈసారి సహచరి రోజ్ టైలర్ అను దుకాణపు పనిపిల్ల. తాను పసికందుగా నున్నపుడే 1987లో మోటారుకారు క్రింద పడి చనిపోయిన తండ్రిని చూడగోరి యామె యా దినమునకు పోయెను. చూచుటతో నాగలేక యాతనిని ప్రక్కకు లాగి బ్రదికించెను. దానిచే కాలమునకు గాయమై, లోకమును మ్రింగు భూతములు బయలుదేరెను. కారణము గ్రహించిన తండ్రి తానే కారునకు ఎదురుగా పోయెను. అంతకుముం దాతడు దిక్కులేక వీథిలో చచ్చెను. ఈసారి కూతురు చేయి పట్టుకొని యుండగా చచ్చెను. చరిత్రలో మారిన దంతయే. అది చిన్న మార్పని యనగలవా రెవరు?

2008 ఏప్రిలులో వచ్చిన కథలో డోనా నోబుల్ అను గుమాస్తా స్త్రీ, క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలుటకు ముందునాడు పాంపేయి నగరమునకు పోయెను. ప్రజలను హెచ్చరింపవలెనని యామె, వలనుకాదని డాక్టరు. తుదకు లోకమును కాపాడుటకై డాక్టరే యాపర్వతమును ప్రేల్పవలసివచ్చినపుడు, ఆ పాపము నొంటిగా మోయనీయక తన చేతిని కూడ నాతని చేతిపై నుంచెను. పిదప కన్నీటితో నొక్క కోరిక కోరెను: నగరమును కాకున్న మానె, ఒక్కరినైన రక్షింపుమని. డాక్టరు వెనుకకు మరలి యొక్క కుటుంబమును కాపాడెను. బార్బరా యొక్క మనసును మార్చెను. డోనా యొక్క యింటిని నిలిపెను. నలుబదినాలుగేండ్ల యెడముతో నిద్దరు స్త్రీలు వేసిన ప్రశ్న యొక్కటియే.

2018 నవంబరులో వచ్చిన కథ మనకు మరింత దగ్గరిది. అప్పటికి డాక్టరు కూడ స్త్రీరూపము దాల్చియుండెను. షెఫీల్డు నగరపు పోలీసు ఉద్యోగిని యాస్మిన్ ఖాన్, తన యమ్మమ్మ దాచుకొన్న పగిలిన గడియారము కథ తెలిసికొనగోరి, 1947 ఆగస్టునాటి పంజాబునకు పోయెను. ఆ సంవత్సరము జూలై 8న మొదటిసారి మన దేశమునకు వచ్చిన రాడ్‌క్లిఫ్ గీచిన సరిహద్దు ఆగస్టు 17న ప్రకటింపబడెను. కోటికి పైగా జనులు నెలవు తప్పిరి. ఆ గీత దాటిన పొలములో ముసల్మాను యువతి ఉంబ్రీన్ హిందువగు ప్రేమ్‌ను పెండ్లాడెను. మతోన్మాదమున పడిన వరుని తమ్ముడే సాయుధులను తెచ్చెను. మనుమరాలు అడ్డుపడిన తాను పుట్టదు. పడకున్న నమ్మమ్మ తొలిభర్త చచ్చును. ఆమె వెనుదిరిగి నడచుచు తుపాకి మ్రోత వినెను. ఆమెకు దక్కిన దొక్కటే: ఇంటిలో నెవ్వరును చెప్పని దుఃఖమును తెలిసికొని, అమ్మమ్మను వెనుకటికంటె నెక్కువగా ప్రేమించుట. చరిత్ర చదువుటవలన నింతకు మించిన ఫల మేమి కలదు?

మన తెలుగులో 1991లో సింగీతము శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369' చిత్రమున, యంత్రము నిర్మించిన శాస్త్రజ్ఞుని కూతురు హేమ నాయకునితో శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, 2504వ సంవత్సరమునకును పోవును. వినోదముగా నది చక్కని చిత్రము. నేటికిని జనులు మరువలేదు. అయినను రాయల సభలోనికి పోయిన చదువుకొన్న పిల్ల, ఆ కాలపు స్త్రీల బ్రదుకును గూర్చి రాయలనే నిలదీసి ప్రశ్నించు కథను మనవా రింకను వ్రాయవలసియున్నది.

కట్టుకథలను పట్టుకొని యింత చర్చ యేలయని కొందరందురు. వారికి నా సమాధాన మిది. గతమును మార్చరాదని డాక్టరు చెప్పిన సూత్రము గతముపట్ల సత్యమే. గతించినది గతించినదే. కాని మనలో పెక్కుమంది యా సూత్రమునే వర్తమానమునకు తగిలించుచున్నారు. అనాదిగా వచ్చుచున్నది, మార్ప నలవికాదు అను మాట యదియే. బార్బరాను వారించునపుడు డాక్టరునకు ఆజ్టెక్కుల నాడు గడచిన కాలము. ఆమె కట్టెదుట నొకని ప్రాణము తీయబోవుచున్న కాలము. ఇందు మన మెవరి స్థానమున నున్నామో యాలోచింపవలెను. మనకు కాలయంత్రము లేదు. కనుక మన కంటి యెదుట జరుగు ప్రతి యన్యాయమును మనకు వర్తమానమే. దానికి డాక్టరు సూత్రము చెల్లదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము చేయించినపుడు, తరువాతి చరిత్ర తమకు తోడ్పడునో లేదో యెరుగరు. భవిష్యత్తునుండి వచ్చి వారికి ధైర్యము చెప్పినవారు లేరు. ఎరుగకయే చేసిరి. ఒక్క పెండ్లితో దేశమంతయు మారలేదు; ఒక్క స్త్రీ బ్రదుకు మారెను. మార్పు మొదలగుట కంతయే చాలును.

రేవతి యేమియు నడుగక పొడవు తగ్గించుకొనెను. నేటి బాలికలకు మనము చదువు చెప్పించుచున్నాము. వారు రేపు మన కాలమును వెనుదిరిగి చూచి, ఇట్లేల జరుగనిచ్చితిరని తప్పక యడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము నిప్పుడే సిద్ధము చేసికొనుట మన విధి. వారిని వంచుటకు నాగలి నెత్తుట కాదు.