పొగ చెప్పే జబ్బు: పళవేర్కాడు పడవ ఇంజన్ల కథ



పళవేర్కాడు చరిత్ర అనగానే 1613 నాటి డచ్చి కోట దగ్గరే ఆగిపోతాం. ఇక్కడి పడవలకూ ఒక చరిత్ర ఉంది. తరతరాలు తెరచాప, గెడ, తెడ్డుతోనే గడిచాయి. 2004 సునామీ తర్వాత ఈ తీరమంతా ఫైబర్ పడవలు, చిన్న డీజిల్ ఇంజన్లు బాగా పెరిగాయి.

జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన సూత్రమే వీటిదీ. స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. గాలి, ఒత్తిడి, డీజిల్ చిమ్మే తీరు, ఈ మూడింట్లో ఏది తప్పినా ఇంజను తడబడుతుంది, పొగ రంగు మారుతుంది.

నల్ల పొగ వస్తే డీజిల్ పూర్తిగా కాలడం లేదు. గాలి ఫిల్టరు, నాజిల్ చూడాలి. ఫ్యానుకు వల చుట్టుకుని బరువు పడినా ఇదే పొగ. నీలి పొగ అంటే ఇంజనాయిలు కాలుతోంది, రింగులు అరిగి ఉండొచ్చు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ మండకుండా పోతోంది, లేదా సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయి. పొగ మామూలుగానే ఉండి ఇంజను ఆగి ఆగి నడిస్తే, ముందు డీజిల్లో నీళ్లు, పైపులో గాలి చూడాలి. ఇంజను విప్పడం ఆ తర్వాతి మాట.

రోడ్డు మీద బండికైతే పొగ పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయి. పడవకు మనవాళ్ల కన్నే పరీక్ష. ఇసుక మేటలు వేసే ముఖద్వారం దగ్గర ఇంజను ఆగితే అల పడవను అడ్డం తిప్పేస్తుంది. అందుకే పొగ రంగు మారిన రోజు ఒడ్డునే ఆగి చూసుకోండి. ఒక పూట వేట పోయినా ఫరవాలేదు.