బరాత్ పాటకు తాతలెవరు?

సిద్దిపేట జిల్లా కొండపాకలో ఏ పెళ్లి బరాత్ అయినా ‘కుర్చీ మడతపెట్టి’ మోగకుండా ఇల్లు చేరదు. యూట్యూబ్ ఇంటర్వ్యూలో ఓ ముసలాయన నోట దొర్లిన తిట్టును కాస్త కడిగి, ‘గుంటూరు కారం’ కోసం రామజోగయ్య శాస్త్రి పల్లవి చేశారు, తమన్ దరువేశారు. 2023 చివర్లో పాట బయటికి రాగానే ఇదేం సాహిత్యమని ముక్కు విరిచినవాళ్లున్నారు. వ్యూస్ మాత్రం కోట్లు దాటాయి.

ఈ తగువు పాతదే. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటేనే చవకబారు. ఆకాశవాణిలో దాని గొంతు నొక్కించారు. జనం శాస్త్రీయ సంగీతానికి మళ్లారా? లేదు, సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పుకున్నారు. 1957 అక్టోబర్ 3న సినిమా పాటలకూ చోటిచ్చే వివిధ భారతి పెట్టి సర్కారే దిగొచ్చింది.

తెలుగులో పెద్ద నింద వేటూరి మీద పడింది. 1977లో ‘అడవి రాముడు’కు ‘ఆరేసుకోబోయి’ రాస్తే పండితులు ఛీ అన్నారు, నేల టిక్కెట్టు వాళ్లు ఈలలు వేశారు. మూడేళ్లకే ‘శంకరాభరణం’ పాటలు రాసిందీ ఆయనే. ‘రాలిపోయే పువ్వా’కు జాతీయ అవార్డు అందుకున్న ఆ చెయ్యే, 68 ఏళ్ల వయసులో ‘ఆర్య’ కోసం ‘అ అంటే అమలాపురం’ రాసింది. 2012లో అది హిందీ ‘మ్యాగ్జిమమ్’కూ పాకింది. రాయడం చేతగాకే చెత్త పుడుతుందనే వాదన ఆయన దగ్గర నిలవదు. బరాత్ పాటలు చెవికి కాదు, కాలికి రాసినవి. డీజే బాక్సుల హోరులో చరణం ఎవరికీ వినపడదు. పల్లవిలో నాలుగు మాటలు దరువు మీద సరిగ్గా పడితే చాలు. అందుకే చరణాల మీద ఎవరూ పెద్దగా చెమటోడ్చరు. ఈ బద్ధకాన్ని మాత్రం నేను క్షమించను.

అమెరికాకు బిల్‌బోర్డు ఉంది, మనకు బరాతే చార్టు. 2021లో మంచిర్యాల వైపు ఓ పెళ్లికూతురు ఆడిన వీడియోతోనే ‘బుల్లెట్టు బండి’ ఊరూరా తిరిగింది. అది చక్కటి పాట, చెత్త లెక్కలోకి రాదు.

ఇప్పుడు తగువు మాటల నుంచి స్టెప్పులకు మారింది. ‘రాబిన్‌హుడ్’లోని ‘అదిదా సర్‌ప్రైజు’ మీద దుమారం రేగిన 2025 మార్చిలోనే, సినిమా డాన్సుల్లో ఆడవాళ్లను అసభ్యంగా చూపొద్దని తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరించింది. దీన్ని కేస్కర్ గొడవతో ఒకే గాటన కట్టలేం. ఆయన జనం అభిరుచిని దిద్దబోయారు. ఇక్కడ అడుగుతున్నది కెమెరా ముందున్న ఆడమనిషి మర్యాద.